నవ్వితే నొప్పి

ఆ ఏడు చెరుకు కోతలు మొదలైన రోజు పొద్దున మా అత్తకూ నాకూ జల్లెడ దగ్గర గొడవైంది.

ఆమె పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా పళ్లెంలో జొన్నపిండి. నేను గడప దగ్గర ఉల్లిగడ్డలు కోస్తున్నాను.

"గది తే పిల్లా," అంది.

"ఏది అత్తమ్మా?"

"గదే. గోడకుంటది సూడు."

గోడకు చాట ఉంది, జల్లెడ ఉంది, మామ కండువా ఉంది. నేను చాట తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని చూసి పక్కన పెట్టింది.

"గిది గాదు."

అప్పటికి నాకూ కొంచెం కోపం వచ్చింది. కండువా తెచ్చి ఒళ్లో పెట్టాను.

"నా తోటి పరాచికాలా? బి.ఏ. సదివినవు. పిండి ముంగటేసుకొని కూసున్నదానికి ఏం గావాల్నో తెల్వదా?"

"పేరు చెప్తే తెస్త గద అత్తమ్మా. జల్లెడ అని ఒక్క మాట."

"ఆ, జల్లెడ." నా నోట్లోంచి లాక్కున్నట్టు అంది ఆ మాటను. "నేనదే అన్న."

"అనలేదు."

"అన్న."

"అనలేదు," అని నేను ఇంకోసారి అన్నాను. ఒప్పుకోవడం నాకు చేతకాదు. చదువుకునే రోజుల నుంచీ అంతే, తప్పు కనబడితే దాని కింద గీత గీస్తే గాని నాకు నిమ్మళం ఉండేది కాదు.

వాకిట్లో ఎడ్లకు కుడితి పెడుతున్న మా ఆయన దేవన్న మా మాటలు విని, "అవ్వా, ఆ జల్లెడల మీ ఇద్దర్ని పోసి జల్లిస్తే ఎవలు మిగుల్తరో సూద్దాం," అన్నాడు.

అత్తకు నవ్వు వచ్చింది. సగం నవ్వి ఆగిపోయింది. కుడి చేయి మెడ వెనక్కి పోయింది, కళ్లు గట్టిగా మూసుకుంది. పది లెక్కపెట్టేంత సేపు అట్లాగే ఉండి, ఏమీ కానట్టు పిండి జల్లించడం మొదలుపెట్టింది. నా మీద కోపంతో నవ్వును మింగేసిందనుకున్నాను.

అది 1974. నాకు ఇరవై రెండేళ్లు. నిజామాబాదులో చదువు ముగించుకుని, బోధన్‌కు నాలుగు మైళ్ల దూరంలో ఉన్న ఆ ఊరికి కోడలుగా వచ్చి ఏడాది దాటింది. చలికాలం మొదలైతే చాలు, చక్కెర ఫ్యాక్టరీ కూత మా వాకిట్లోకి వినబడేది. గాలి అటునుంచి వీస్తే చెరుకు మడ్డి వాసన వచ్చేది. కొత్తలో ఆ వాసనకు ముక్కు మూసుకునేదాన్ని. ఇప్పుడు ఎక్కడైనా మాడిన చక్కెర వాసన తగిలితే ఆ వాకిలి గుర్తుకొస్తుంది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. పొద్దున రొట్టెల వేళ మామ ముత్తన్న, మా ఆయన, జీతగాడు లింబయ్య గోడ వారగా పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చునేవారు. అత్త సాయవ్వ రొట్టె కొట్టి, కాల్చి, ఒక్కొక్కరి పళ్లెంలో వేస్తూ ఆనాటి పని చెప్పేది. "లింబయ్యా, బాయికాడ మోటర్ బెల్టు సూడు." రొట్టె పడేది. "దేవన్నా, రెండు బండ్లు కట్టు, ఎర్ర ఎద్దును ఎడమకు కట్టకు, దానికి మెడ పుండైంది." ఇంకో రొట్టె. మామ ఊళ్లో నలుగురికి తగవులు తీర్చే మనిషి, ఆయన కూడా తన రొట్టె కోసం, తన పని కోసం చూసేవాడు. ఎవరి పళ్లెంలో రొట్టె పడితే ఆ పని వాళ్లది. తిరిగి మాట్లాడడం ఆ ఇంట్లో నేను వినలేదు.

అత్తకు అక్షరం రాదు. ఫ్యాక్టరీ నుంచి పర్మిట్ చిట్టీలు వచ్చేవి, ఏ మడి చెరుకు ఏ తారీఖున కోసి తేవాలో వాటిలో ఉండేది. ముందుగా కోస్తే చెరుకు ఎండిపోతుంది, తారీఖు దాటితే వంతు పోతుంది. నేను వచ్చాక ఆ చిట్టీలు చదివే పని నాది. ఒక్కసారి చదివితే చాలు. ఆమె ఎదురుగా గోడ వైపు చూస్తూ, అక్కడ ఎవరో రాస్తున్నట్టు వినేది. నెల తర్వాత అడిగినా తప్పకుండా చెప్పేది. మా చెరుకే కాదు, పక్కవాళ్ల వంతు ఎప్పుడో, పోయిన ఏడు ఏ గట్టు తెగిందో, ఏ ఆవు ఏ వారం ఈనిందో, అన్నీ. కాలేజీలో నేను చూసిన ఏ పంతులుకూ అంత జ్ఞాపకం లేదు.

అందుకే ఆ చలికాలంలో ఆమె మాటలు వెతుక్కోవడం నాకు కనబడినా అర్థం కాలేదు. "గది", "గా దాన్ని", "గా పొడుగు మనిషి" అనేది. పేరు అడిగితే విసుక్కునేది. పెత్తనం ఉన్నవాళ్ల విసుగు అనుకున్నాను.

పక్కింటి నాగవ్వ మధ్యాహ్నాలు మా అరుగు మీదికి చిక్కుడుకాయలు ఒలవడానికి వచ్చేది. ఆమె వస్తే అరుగంతా నవ్వే. ఫ్యాక్టరీ ఫీల్డ్‌మన్ రాజమల్లు సైకిల్‌తో సహా కాలువలో పడిన సంగతి ఆమె లేచి నిలబడి, చాటను సైకిల్ చేసి, చేసి చూపించేది. అంతకుముందు చలికాలం అదే కథకు మా అత్త కండ్ల నీళ్లు కారేదాకా నవ్వడం నేను చూశాను. ఈసారి నాగవ్వ చాట పట్టుకుని లేవగానే అత్త కూడా లేచింది.

"ఎటు వోతున్నవక్కా? ఇంక రాజమల్లు కాలువల వడనే లే."

"పనున్నది," అని లోపలికి పోయింది.

నాగవ్వ నా వైపు చూసింది. "సదువుకున్న కోడలు వచ్చినంక మా అక్కకు మా తోటి నవ్వుడు గూడ చిన్నతనమైంది."

నాకు ముఖం కందిపోయింది. కాసేపటికి దొడ్లోకి పోతే, అత్త గోడకు నుదురు ఆనించి నిలబడి ఉంది. చేయి మెడ వెనక ఉంది.

"ఏమైంది అత్తమ్మా?"

"ఏంగాలే. ఎండ తల్గింది."

పుష్యమాసపు ఎండ. అయినా నేను నమ్మాను, లేదా నమ్మడం తేలిక అనిపించింది.

జనవరిలో కాలువ మడి చిట్టీ వచ్చింది. పదహారో తారీఖు. నేను చదివాను, ఆమె గోడ వైపు చూస్తూ విన్నది, నేను చిట్టీని గూట్లో పెట్టాను. పదహారు పొద్దున రొట్టెల వేళకు నేను దొడ్లో నీళ్లు తోడుతున్నాను. కోతకు మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీల పెద్ద, ముకద్దం బాపురావు వాకిట్లోకి వచ్చి పని అడిగి పోవడం మాత్రం చూశాను.

పొద్దు నడినెత్తికి రాకముందే రాజమల్లు సైకిల్ మీద వచ్చాడు. వెనకే మామ, మా ఆయన, బాపురావు.

"ఇదేంది ముత్తన్నా," రాజమల్లు సైకిల్ దిగకుండానే అన్నాడు. "బాయికాడి చెరుకు కోస్తున్నరు? దానికి మార్చి నెలల పర్మిట్ గద. లేత చెరుకు. నేనెట్ల పంపాలె ఫ్యాక్టరీకి?"

బాపురావు చేతిలోని కత్తి కింద పెట్టాడు. "సాయవ్వబాయి చెప్పింది, మేం కోసినం. ఏడేండ్ల సంది వస్తున్న. సాయవ్వబాయి మాట ఎన్నడు తప్పువోలే."

అందరూ అత్త వైపు చూశారు. ఆమె తలుపు చెక్క పట్టుకుని నిలబడింది.

"సుమిత్ర గట్లనే సదివింది," అంది నన్ను చూపిస్తూ. "బాయికాడిదే అన్నది."

నేను లోపలికి పోయి గూట్లోంచి చిట్టీ తెచ్చాను. వాకిలి మధ్యన నిలబడి చదివాను. "కాలువ మడి. పదహారో తారీఖు." అక్కడితో ఆపి ఉండవచ్చు. నేను ఇంకోసారి చదివాను, ఒక్కొక్క మాటా విడివిడిగా.

అత్త నా ముఖంలోకి చూసింది. ఆ చూపును అప్పుడు మొండితనం అనుకున్నాను. ఆమె అబద్ధం ఆడలేదు. తన జ్ఞాపకంలో నేను నిజంగానే బాయికాడిదని చదివాను. తన గోడ మీది రాత తనకు మొదటిసారి తప్పు చూపించింది, అంతే.

కోసిన చెరుకును పక్కూరి గానుగకు తోలారు. లేత చెరుకు బెల్లం ముద్ద కట్టలేదు. జిగటగా, కొంచెం ఉప్పగా, రెండు కుండల నిండా మిగిలింది. తర్వాతి దసరా దాకా దాన్నే తిన్నాం. కుండ అడుగు గీరుతూ అత్త, "నీ చిట్టీ బెల్లం ఒడిసింది పిల్లా," అని మెడ పట్టుకోకుండా పడీ పడీ నవ్వింది. అది తర్వాతి మాట.

ఆ మర్నాడు పొద్దున అత్త రొట్టెలు కొట్టింది. లింబయ్య పళ్లెంలో ఒకటి, దేవన్న పళ్లెంలో ఒకటి, మామ పళ్లెంలో ఒకటి. ఏ రొట్టెతోనూ మాట పడలేదు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు. చివరికి మామ గొంతు సవరించుకుని, "ఇయ్యాల ఏం జేద్దాం దేవన్నా?" అన్నాడు.

ఆ వేళ ఆ ఇంట్లో ఒక మగవాడు ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. నేను గెలిచాను. గెలిచి, గిన్నెలు తోముకుంటూ కూర్చున్నాను.

పని మామ, మా ఆయన చెప్పుకోవడం మొదలయ్యాక ఇల్లు కుంటింది. రెండు బండ్లూ ఒకే మడికి పోయేవి. ఎర్ర ఎద్దును ఎడమకు కట్టారు, పుండు రేగింది. నేను పనులన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించాను. చదవగలిగింది మా ఆయన ఒక్కడే, ఆయన దాని మీద తువ్వాల వేలాడదీశాడు.

అత్తకు రక్తం తక్కువైందని నిజామాబాదులో ఒక డాక్టరు టానిక్ సీసా ఇచ్చాడు. భీమ్‌గల్ దగ్గర లింబాద్రి గుట్టకు మొక్కుకుందామన్నాడు మామ. నాగవ్వ ఇంకా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "ఎవలో తిండ్ల ఏమో పెట్టిండ్రు," అంది. అత్త అన్నీ వింటూ కూర్చునేది. నడిచేటప్పుడు గోడను వేలితో తడుముకుంటూ నడిచేది. పొలం గట్టు మీదికి పోవడం మానేసింది.

శివరాత్రి దాటిన నాలుగో రోజు అనుకుంటాను. రొట్టెల వేళ నేను పక్కనే కూర్చుని తొక్కు నూరుతున్నాను. మగవాళ్లు ఇంకా రాలేదు. అత్త రొట్టె తిప్పడానికి ఎడమ చేత్తో ఇనుప పెంక అంచు పట్టుకుంది. పట్టుకుని, అట్లాగే ఉంచింది. రొట్టె తిప్పింది, అంచులు ఒత్తింది. ఎడమ చేయి ఇంకా పెంక మీదే ఉంది. వాసన వచ్చేదాకా నాకు తోచలేదు. చేయి లాగాను.

ఆమె తన చేయి చూసుకోలేదు, నా ముఖం చూసింది. "ఏందే?"

"కాలింది అత్తమ్మా."

అప్పుడు చూసుకుంది. రెండు వేళ్లు తెల్లగా బొబ్బలెక్కాయి. వేరొకరి చేయి చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పింది.

"కాలిందా?" అంది.

చేయి నీళ్లలో పెట్టాను. "మంట లేదా?"

"లే."

"ఎన్ని రోజుల సంది గిట్ల?"

"దీపావళి సంది గావచ్చు. ఉడుకునీళ్లు సల్లనీళ్లు ఈ చేతికి ఒక్క తీర్గనే." వాకిట్లోకి చూసింది. "ఎవలకు చెప్పకు."

"మామకన్న చెప్పాలె గద."

"ఆయనకసలే వద్దు. పిచ్చి లేసిందంటరు. మా మేనత్తకు గిట్లనే యాది తప్పితే కొట్టంల కూసొవెట్టిండ్రు. బువ్వ అక్కడికే పెడ్తుండె. నేనే పెట్టొస్తుంటి."

నీళ్లలో ఆమె చేయి నా చేతిలో ఉంది. ఆమె నా వైపు చూడకుండా చెప్పుకుపోయింది. నవ్వితే మెడ వెనక ఎవరో గుద్దినట్టు నొప్పి వస్తుందట. దగ్గినా అంతే, బిందె ఎత్తినా అంతే. నాగవ్వ వస్తుంటే భయమట, నవ్విస్తుందని.

"మరి మాటలు?" అన్నాను.

"మాట తలకాయల్నే ఉంటది పిల్లా. ఏడికి పోదు. చెరుకు బండి కాలువకాడ బురదల దిగినట్టు. ఎడ్లు గుంజుతనే ఉంటయి, బండి రాదు. నువ్వేమొ ఏది, ఏది అంటవు. ఇంక దిగవడ్తది."

నేను తడి తుడిచి ఆమె వేళ్లకు గుడ్డ కట్టాను. మగవాళ్లు వచ్చారు. ఆ పొద్దు రొట్టెలు నేను కొట్టాను. మూడు వంకరగా వచ్చాయి.

ఆ మధ్యాహ్నం, పనైపోయిన ఒక పర్మిట్ చిట్టీ వెనక రాయడం మొదలుపెట్టాను. నొప్పి ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తుంటే వచ్చింది, ఎంతసేపు ఉంది. ఏ చేతికి వేడి తెలియదు, ఏ చేతికి తెలుసు. ఏ మాట దొరకలేదు, ఎంతసేపటికి దొరికింది. అత్తకు ఇది మొదట నచ్చలేదు. మూడో రోజుకు తనే పిలిచి చెప్పేది. "రాసుకో. తుమ్మిన. అన్నదమ్ములు తోడవుట్టినట్టు రెండు తుమ్ములు. రెండిటికీ నొచ్చింది." పన్నెండు రోజులకు నాలుగు చిట్టీలు నిండాయి. వరసగా చదివితే ఒకటి కనబడింది. నొప్పి ఎక్కువగా ఉండి నిద్ర పట్టని రాత్రి తర్వాతి రోజే మాటలు ఎక్కువగా తప్పిపోతున్నాయి. అంతా ఒకచోట ముడిపడి ఉందని నాకు అనిపించింది. ఆ ముడి ఎక్కడో తెలియదు.

కాలిన చేయి చూపించాలని చెప్పి ఆమెను నిజామాబాదు తీసుకుపోయాను. అదే డాక్టరు. చేతి కట్టు విప్పుతూ ఉండగా నేను చిట్టీలు బల్ల మీద పెట్టాను. ముందు ఒకటి తీసి చదివాడు. తర్వాత కూర్చుని నాలుగూ చదివాడు.

"ఇవి ఎవరు రాసిండ్రు?"

"నేనే."

"పోయినసారి ఇవన్నీ ఎందుకు చెప్పలేదమ్మా?" అని అత్తను అడిగాడు.

"నువ్వడుగలే సారూ," అంది అత్త.

ఆయన ఆమెను గీత మీద నడిచినట్టు నడవమన్నాడు. మూడు అడుగులకే పక్కకు ఒరిగింది. కళ్లు మూయించి ఒక గాజు గొట్టంలో వేడినీళ్లు, ఇంకొకదానిలో చన్నీళ్లు పోసి ఎడమ చేతికి ఆనించాడు. అన్నిసార్లూ ఆమె "సల్లగ" అంది. హైదరాబాదుకు ఉత్తరం రాసిచ్చాడు. ఆ ఉత్తరంతో ఇంట్లో చెప్పక తప్పలేదు.

హైదరాబాదు పెద్ద దవాఖానలో పదకొండు రోజులు ఉన్నాం. వెన్నులోకి మందు ఎక్కించి, బల్లను తలకిందుగా వంచి ఎక్స్‌రేలు తీశారు. మా ఆయన రెండు రోజులుండి బండ్ల పని ఉందని పోయి, మళ్లీ చివరి రోజుకు వచ్చాడు. డాక్టరు నెరిసిన జుట్టు మనిషి, ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పట్టి మాకు చూపించాడు. నాకు పొగ తప్ప ఏమీ కనబడలేదు. అది గమనించి తన పిడికిలి చూపిస్తూ చెప్పాడు. తల అడుగున ఒక రంధ్రం ఉంటుంది, దానిలోంచి మెదడు నరం వెన్నులోకి దిగుతుంది. అత్తకు చిన్నమెదడు కొస ఆ రంధ్రంలోకి జారి ఇరుక్కుంది. మెదడు చుట్టూ ఆడాల్సిన నీరు అక్కడ ఆడడం లేదు. నవ్వినా దగ్గినా ఒత్తిడి ఎక్కడికీ పోలేక అక్కడే తంతుంది. పోలేని నీరు వెన్ను నరంలో గూడు చేసుకుంది, అందుకే చేతికి వేడి తెలియడం లేదు. దీన్ని కనిపెట్టిన డాక్టరు పేరు మీద కియారి అంటారట.

"నా మెదడు జారిందా?" అంది అత్త.

"కొంచెం."

"ఎవలన్న ఏమన్న పెట్టిండ్రా?"

"లేదమ్మా. పుట్టుకతోనే అట్లా ఉండి ఉంటుంది."

"మరి నలభై ఆరేండ్లు ఎందుకు ఊకున్నది?"

ఆయన నవ్వాడు. "అది మాకూ తెలియదు."

నేను మరుపు గురించి అడిగాను. ఆయన చిట్టీలు మళ్లీ తిరగేశాడు. "చిన్నమెదడు నడకకు, చేతి పట్టుకు అని మేము చదువుకున్నాం. మాట దొరకకపోవడం, మరుపు దానివల్లేనని నేను రాసివ్వలేను. కానీ ఈ జబ్బు ఉన్నవాళ్లు ఒకే మాట చెబుతారు, తలలో మబ్బు పట్టినట్టుందని. విడవని నొప్పి, నిద్ర లేకపోవడం కూడా తెలివిని తింటాయి."

ఇప్పుడు పత్రికల్లో చదువుతుంటాను. మాట వెతుక్కోవడానికి, మనసు ఒకచోట నిలపడానికి కూడా చిన్నమెదడుతో పని ఉందని, ఈ జబ్బులో అవి తడబడతాయని, తెలివి మాత్రం లోపల అట్లాగే ఉంటుందని రాస్తున్నారు. అప్పుడు ఆ సంగతి చెప్పింది మా అత్త ఒక్కతే, బురదలో దిగిన బండి అని.

వైద్యం ఆపరేషన్. మెడ పైన, తల వెనక, కొంచెం ఎముక తీసి జాగా చేస్తారు. జబ్బు ముదరకుండా ఆగవచ్చు. పోయినదంతా తిరిగి వస్తుందని చెప్పలేనన్నాడు. ప్రాణానికి భయం లేదనీ చెప్పలేనన్నాడు. "ఇంట్లో మాట్లాడుకుని రండి. ఎక్కువ ఆలస్యం చేయకండి."

తిరుగు బస్సులో మా ఆయన ముందు సీట్లో నిద్రపోయాడు. అత్త కిటికీ దగ్గర కూర్చుంది. చాలాసేపటికి అడిగింది.

"పిచ్చి గాదు గద?"

"కాదు."

"మల్ల జెప్పు."

"పిచ్చి కాదు అత్తమ్మా. జాగా ఇరుకైంది. అంతే."

"జాగా ఇరుకైంది," అని ముందు సీటు వెనకభాగం వైపు చూస్తూ అంది, చిట్టీ విన్నప్పుడు గోడ వైపు చూసినట్టు.

ఇంట్లో వారం రోజులు అదే మాట. మామ ఒప్పుకోలేదు.

"మెడ మీద కత్తి పెట్టనిస్తనా? ఇప్పుడు సగం మరుస్తుంది. రేపు కోసినంక నన్నే మరుస్తె? ఎవలు నువ్వు అంటె?" ఆ మాట ఆయన నాతోనో కొడుకుతోనో అనలేదు, వాకిట్లో ఉన్న ఎడ్లతో అన్నట్టు అన్నాడు. అనేసి, ముక్కు చీది, బయటికి పోయాడు.

మా ఆయన, "సీజన్ ఒడువనియ్యి, అప్పుడు సూద్దాం," అన్నాడు. నాగవ్వ ఏడ్చింది. సిరికొండ నుంచి అత్త తమ్ముడు వచ్చి, తన ఊళ్లో తల కోయించుకున్న ఒక మనిషి సంగతి చెప్పి, అతను బతికాడో లేదో చెప్పకుండా పోయాడు. అత్తను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. వాకిట్లో చిట్టీ రెండుసార్లు చదివినదాన్ని, ఇంకోసారి నోరు తెరవడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఏప్రిల్ నడుమకు వచ్చాం. ఫ్యాక్టరీ కూత ఇంకో పది రోజుల్లో ఆగిపోతుందని చెప్పుకుంటున్నారు. ఒక పొద్దున నేను రొట్టెలు కొడుతున్నాను. మగవాళ్లు గోడ వారగా కూర్చున్నారు. అత్త వచ్చి, పీట లాక్కుని నా పక్కన కూర్చుంది. నేను కాల్చిన మొదటి రొట్టెను కుడి చేత్తో అందుకుంది.

"లింబయ్యా," అంది. లింబయ్య తల ఎత్తాడు. "కాలువ మడికి నీళ్లు కట్టాలె. ముందుగాల గట్టు సూసుకో, పోయినేడు చింతచెట్టుకాడ తెగింది." రొట్టె పళ్లెంలో పడింది.

రెండో రొట్టె. "దేవన్నా, ఆఖరు బండి ఇయ్యాల పోవాలె. ఎర్ర ఎద్దును ఇప్పెయ్యి, దాన్ని ఇంక ఈ సీజన్ కట్టకు."

"సరే అవ్వా."

మూడోది మామకు. "నువ్వు ఇల్లిడిసి పోకు. తెల్ల బర్రె ఇయ్యాలనో రేపో ఈనుతది."

మామ రొట్టె వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. "గట్లనే," అన్నాడు. రొట్టె తుంచాడు.

అప్పుడు అత్త లేచి లోపలికి పోయి ఇంకో పళ్లెం తెచ్చింది. అది ఆమె పళ్లెం. మగవాళ్లు తిని లేచాక గాని ఆ పళ్లెం ఆ ఇంట్లో బయటికి వచ్చేది కాదు. దాన్ని మామ పళ్లెం పక్కనే పెట్టి, నా చేతిలోని నాలుగో రొట్టె తీసుకుని అందులో వేసుకుంది.

"నేను సోమారం హైద్రాబాద్ పోత," అంది. "సుమిత్ర నా ఎంబడి వస్తది. పోయి, గది చేపిచ్చుకుంట."

"ఏది?" అన్నాడు మామ. ఆయనకు తెలుసు. ఆమె నోటితో వినాలనుకున్నాడో, ఆ మాట రాకపోతే బాగుండుననుకున్నాడో.

అత్త నోరు తెరిచి ఆగింది. కుడి చేయి మోకాలి మీద బిగుసుకుంది. దేవన్న నా వైపు చూశాడు. లింబయ్య నమలడం ఆపాడు. ఆ మాట నా నాలుక మీద ఉంది. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. పెంక మీది రొట్టె అంచు నల్లబడింది, పొగ లేచింది. నేను దాన్ని తిప్పలేదు, ఆమె ముఖం మీంచి చూపు తిప్పలేదు. బయట ఒక చెరుకు బండి పోయింది, దాని చప్పుడు మూల మలుపు దాకా వినబడింది.

"ఆపరేషన్," అంది.

మామ తల వంచుకున్నాడు. పళ్లెంలో పడిన రొట్టెకు ఆ ఇంట్లో తిరుగు లేదని ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు.

"జాగా ఇరుకైంది," అంది అత్త, ఆయనకు మాత్రమే చెబుతున్నట్టు. "కొంచెం పెద్దగ చేపిచ్చుకొని వస్త."

తర్వాత నా వైపు తిరిగింది.

"రొట్టె మాడుతుంది పిల్లా. తిప్పు."